సగటులో మునిగిన వాగు

నది నీళ్లు బాగున్నాయా అని అడిగితే సాఫ్ట్‌వేర్ ఒక్క అంకెతో జవాబు చెప్తుంది. కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి, ఆ అంకె లోపల ఎవరి నిర్ణయాలు దాక్కున్నాయో చూడాలనిపించింది. కొలబద్దగా మా వేములవాడ మూలవాగును పెట్టుకున్నాను.

కథ 1925లో అమెరికాలోని ఒహాయో నది దగ్గర మొదలవుతుంది. స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు ఒక సమీకరణం రాశారు. మురుగును తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తాయి. గాలి మళ్లీ కొంత జమ చేస్తుంది. ఈ జమాఖర్చు తేలిస్తే దిగువన నది ఎక్కడ నీరసిస్తుందో, ఎక్కడ తేరుకుంటుందో చెప్పొచ్చు. కాగితం మీది ఆ లెక్కే తర్వాత ప్రోగ్రామ్ అయింది. అమెరికా పర్యావరణ సంస్థ 1987 నాటి క్వాల్‌టుఈ, ఆ తర్వాత ఎక్సెల్ షీట్‌లోంచి నడిచే క్వాల్‌టుకే దాని వారసులే.

వీటికి ఒక షరతుంది: ప్రవాహం నిలకడగా ఉండాలి. మూలవాగుది ఆ స్వభావం కాదు. వానలకు పొంగుతుంది, ఎండలకు ఇసుక తేలుతుంది. దిగువన మధ్యమానేరు నిండితే, పారాల్సిన నీరు నిలవ నీరవుతుంది. ఒహాయో కోసం పుట్టిన లెక్కను ఇక్కడ అలాగే నడిపితే ప్రోగ్రామ్ ఎర్రర్ ఇవ్వదు, జవాబే ఇస్తుంది. నాకు భయం కలిగించేది అదే.

రెండో పాయ సూచీలది. 1965లో హార్టన్ నీటికి మార్కులు వేసే పద్ధతి ప్రతిపాదించాడు. 1970లో బ్రౌన్ బృందం 142 మంది నిపుణులకు ప్రశ్నావళులు పంపి, తొమ్మిది అంశాలు ఎంచి, ఒక్కోదానికి ఇంత బరువని తేల్చింది. అంటే ఆ బరువులు ప్రకృతి ఇచ్చినవి కావు, మనుషుల అభిప్రాయాల సగటు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దాన్ని నాలుగు అంశాలకు కుదించింది: కరిగిన ఆక్సిజన్‌కు 0.31, మలం నుంచి వచ్చే కోలిఫాం బ్యాక్టీరియాకు 0.28, పీహెచ్‌కు 0.22, బీఓడీకి 0.19.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక నీటి నమూనాకు ఆక్సిజన్‌లో 90 మార్కులు, పీహెచ్‌లో 90, బీఓడీలో 80, బ్యాక్టీరియాలో మాత్రం 10 వచ్చాయనుకోండి. బరువులతో గుణించి కూడితే 65.7. ఈ సూచీలో 63 దాటితే ‘మంచిది నుంచి శ్రేష్ఠం’ వర్గం! అవే మార్కులను కూడే బదులు గుణకార సగటు తీస్తే 47.6 వస్తుంది, అది ‘చెడ్డ’ వర్గం. నీళ్లు అవే, మార్కులు అవే. మారింది ఒక్క సూత్రమే. ఈ చిక్కును గమనించే 1970లలోనే గుణకార రూపాన్ని ముందుకు తెచ్చారు. ఇందులో బగ్ ఏమీ లేదు. ప్రోగ్రామ్ చెప్పినట్టే చేసింది. ఏం చెప్పాలన్నది మనుషుల నిర్ణయం.

విచిత్రమేమిటంటే, అదే మండలి దగ్గర సగటు తీయని పద్ధతి కూడా ఉంది. నీటిని వాడుకను బట్టి ఏ నుంచి ఈ దాకా తరగతులు చేశారు. స్నానానికి పనికొచ్చే ‘బి’ తరగతిలో లీటరుకు ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీఓడీ 3 దాటకూడదు, నూరు మిల్లీలీటర్లలో మొత్తం కోలిఫాం 500 మించకూడదు. ఏ ఒక్కటి తప్పినా ఆ తరగతి దక్కదు. ఇంటర్ పరీక్షలాగే: లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చినా ఇంగ్లీషు తప్పితే పాస్ కానట్టే.

వేములవాడ రాజన్న దర్శనానికి వచ్చేవాళ్లు స్నానం చేసి గుడికి వెళ్తారు. నీళ్లలో మునిగే మనిషి సగటులో మునగడు. కడుపులోకి పోయే గుక్కలో బ్యాక్టీరియా ఎంతుందన్నదే అతని ప్రశ్న, పీహెచ్ బాగుందన్న కబురు దానికి జవాబు కాదు. అందుకే నా కోరిక చిన్నది. ఏ వాగుకు, ఏ గుండానికి అంకె ప్రకటించినా పక్కనే మూడు సంగతులు రాయాలి: అన్నిటికన్నా తక్కువ మార్కులొచ్చిన అంశం, నమూనా తీసిన తేదీ, ఆ రోజు నీరు పారుతోందా నిలిచి ఉందా. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఉన్న టేబుల్‌కు మూడు గడులు కలిపితే చాలు.