నడుము నొప్పి: కారణాలను గుర్తించడం ఎలా?

ముంబయిలోని కామాఠీపురకు ఆ పేరు తెలుగు కూలీల వల్లనే వచ్చింది. నిజాం రాజ్యం నుంచి వలస వెళ్లిన కామాఠీలు రాళ్లు మోసి, గోడలు కట్టి ఆ నగర నిర్మాణంలో పాలుపంచుకున్నారు. అక్కడి చాళ్లలో స్త్రీలు బీడీలు చుట్టి సంసారాలను ఈదారు. బరువులు మోసేవారికీ, గంటల తరబడి వంగి కూర్చునేవారికీ నడుము నొప్పి తప్పదు. అయితే అన్ని నొప్పులూ ఒక్కటి కావు.

కండరాల నొప్పి

అన్నింటిలోకీ సాధారణమైనది ఇదే. బరువు ఎత్తినప్పుడు లేదా ఒక్కసారిగా వంగినప్పుడు మొదలవుతుంది. నొప్పి నడుముకు, పిరుదులకు పరిమితమై ఉంటుంది. సాధారణంగా 4 నుంచి 6 వారాల్లో తగ్గుతుంది. రోజుల తరబడి మంచం పట్టడం కంటె తేలికపాటి పనులు చేసుకుంటూ తిరగడమే మేలు.

డిస్కు జారడం

వెన్నుపూసల మధ్యనుండే డిస్కు జారి నరాన్ని నొక్కితే నొప్పి పిరుదు నుంచి మోకాలు దాటి పాదం వరకు పాకుతుంది. దగ్గినా, తుమ్మినా ఎక్కువవుతుంది. కాలిలో తిమ్మిరి ఉండవచ్చు. చాలామందికి శస్త్రచికిత్స లేకుండానే నయమవుతుంది.

వృద్ధులలో నొప్పి

కొంతదూరం నడవగానే కాళ్లు లాగి, కూర్చుంటే లేదా ముందుకు వంగితే ఉపశమనం కలుగుతుంటే వెన్నునాళం ఇరుకై ఉండవచ్చు. ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారి, చిన్నపాటి జారుడుకే వెన్నుపూస విరగవచ్చు.

యువకులలో ఉదయపు బిగువు

45 ఏళ్లలోపు మొదలై, 3 నెలలకు మించి సాగుతూ, నిద్ర లేవగానే అరగంటకు పైగా నడుము బిగుసుకుపోయి, కదిలేకొద్దీ తగ్గే నొప్పి కీళ్లవాతానికి సంబంధించినది కావచ్చు.

వెన్నెముక క్షయ

గాలి, వెలుతురు చాలని ఇరుకు గదుల్లో క్షయ సులభంగా వ్యాపిస్తుంది. అది వెన్నెముకకూ సోకుతుంది. దగ్గు లేకపోయినా సోకవచ్చు. నానాటికీ పెరిగే నొప్పి, రాత్రివేళ బాధ, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, వెన్నుపై ఉబ్బు దీని లక్షణాలు. ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితం. చికిత్స తరచుగా ఏడాది లేదా అంతకుమించి సాగుతుంది. నొప్పి తగ్గిందని మధ్యలో మానితే వ్యాధి తిరగబెడుతుంది, మందులకు లొంగకుండా పోవచ్చు. ముంబయి నుంచి స్వగ్రామానికి వచ్చేవారు తమ చికిత్స నమోదును సొంత జిల్లాకు బదిలీ చేయించుకొని మందులు కొనసాగించవచ్చు.

వెన్నుకు సంబంధం లేనివి

పక్కటెముకల కింద మొదలై గజ్జల వైపు పాకుతూ, తెరలు తెరలుగా వచ్చే తీవ్రమైన నొప్పి మూత్రపిండాలలో రాళ్ల వల్ల కావచ్చు. స్త్రీలలో గర్భాశయ వ్యాధులు కూడా నడుము నొప్పిని కలిగిస్తాయి.

ఆలస్యం చేయరాని సందర్భాలు

మూత్రం బిగుసుకుపోవడం, మలమూత్రాలపై అదుపు తప్పడం, మర్మావయవాల చుట్టూ స్పర్శ పోవడం, కాళ్లు పట్టు తప్పడం అత్యవసర లక్షణాలు. అదే రోజు ఆసుపత్రికి చేరాలి. ఆలస్యమైతే వైకల్యం శాశ్వతం కావచ్చు. కామాఠీపుర వాసులకు జె.జె., నాయర్ ఆసుపత్రులు చేరువలోనే ఉన్నాయి. పెద్ద దెబ్బ తగిలిన తరువాత నొప్పి వచ్చినా, పూర్వం క్యాన్సర్ ఉన్నవారికి కొత్తగా నొప్పి మొదలైనా వెంటనే వైద్యుని సంప్రదించాలి.

ఈ లక్షణాలేవీ లేకున్నా, 6 వారాలకూ తగ్గని నొప్పికి పరీక్షలు అవసరం. నొప్పి మాత్రలను సొంతంగా దీర్ఘకాలం వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.