మబ్బు ఎక్కడ అయిపోతుంది?

1946 వేసవిలో ఫ్లోరిడాలో కొందరు పైలట్లకి వచ్చిన ఆదేశం ఇప్పుడు వింటే నమ్మబుద్ధి కాదు. ఉరుముల మబ్బు ఎంత భయంకరంగా కనిపించినా తప్పుకోవద్దు, లోపలికే పోండి అన్నారు. యుద్ధం అప్పుడే ముగిసింది. రాత్రి పోరాటాలకని తయారుచేసిన పి-61 విమానాలూ, రాడార్లూ పనిలేక పడున్నాయి. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన హోరేస్ బయర్స్ వాటిని మబ్బుల పనికి పెట్టాడు. ఒకే మబ్బులోకి ఐదు విమానాలు, 5,000 అడుగుల నుంచి 25,000 అడుగుల దాకా ఒకదాని మీద ఒకటి. కింద రాడార్ ముందు కూర్చున్నవాళ్ళు దారి చెప్పేవాళ్ళు. మర్నాడు ఇంకో మబ్బు. మరుసటేడు ఒహాయోలో మళ్ళీ ఇదే తంతు. మొత్తం 1,300కి పైగా సార్లు మబ్బుల్లోంచి దూసుకెళ్ళారు.

1949లో బయర్స్, రాస్కో బ్రాహం వెలువరించిన నివేదిక ఉరుముల మబ్బుకి ఒక జీవితం ఉందని చూపించింది: గాలి పైకే ఎగదన్నే దశ, పైకీ కిందకీ కూడా కొట్టే దశ, వాన కురిసి చల్లబడే దశ. ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్న బొమ్మ ఇదే. కానీ ఆ బొమ్మలో మబ్బుకి చుట్టూ ఒక గీత ఉంటుంది. గోలంతా గీత లోపల, బయట ప్రశాంతం. నాకు ఈ చరిత్రంతా ఆ గీతని చెరపడానికి పట్టిన కాలంలాగే కనిపిస్తుంది.

గీత అంత గట్టిగా నిలబడ్డానికి కారణం రాడారే. 1950ల నుంచి ప్రయాణికుల విమానాల ముక్కులోకి వాతావరణ రాడార్ వచ్చింది. దానికి కనిపించేది వాన చినుకులు, గాలి కాదు. తెరమీద ఏమీ లేకపోతే అక్కడ ఏమీ లేదనుకోవడం మనిషికి సహజం. తీవ్రమైన తుఫాను మబ్బుకి కనీసం 20 మైళ్ళ దూరంలో ఉండాలని అమెరికా నియంత్రణ సంస్థ సలహా ఇచ్చింది. మంచి సలహాయే. కాకపోతే మబ్బు ఇంకా ఎదుగుతూ ఉన్నప్పుడు ఎక్కడి నుంచి కొలవాలి?

నిజానికి వాన లేని చోటునుంచి కూడా రాడార్‌కి జవాబులు వస్తూనే ఉండేవి. పాత ఆపరేటర్లు ఆ అంతుచిక్కని మెరుపుల్ని ‘ఏంజెల్స్’ అనేవాళ్ళు. కొన్ని పక్షులు, కొన్ని పురుగులు. మరికొన్ని మాత్రం గాలే! సుడులు వేడినీ తేమనీ కలియబెట్టినప్పుడు రేడియో తరంగం కొద్దికొద్దిగా వెనక్కి చెదురుతుంది. 1970లలో పెరూలోని హికమార్కా రాడార్‌తో వుడ్‌మన్, గియెన్ ఈ బలహీనమైన జవాబుల నుంచే పై గాలుల వేగాన్ని రాబట్టారు. మన దగ్గర ఆ పని చేసింది గాదంకి. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో టోల్‌గేటు పేరుగానే ఎక్కువమందికి తెలిసిన ఊరు. అక్కడ 1990ల మొదట్లో 1,024 యాగీ యాంటెన్నాలతో, పాత మేడల మీది టీవీ యాంటెన్నాల తోటలా, ఎంఎస్‌టీ రాడార్ లేచింది. దాని 53 మెగాహెర్ట్జ్ తరంగానికి సుమారు మూడు మీటర్ల పాటి అలజడి ఆనుతుంది. ఉరుముల మబ్బు నెత్తిమీదికొస్తే గాలి ఎంత వేగంతో పైకి లేస్తోందో, మబ్బు పైన ఏ అలలు పుడుతున్నాయో నేరుగా చూడొచ్చు. అయితే అది చూసేది తన నెత్తిమీది ఆకాశాన్నే. విమానం ఇంకెక్కడో ఉంటుంది.

ఆ ఇంకెక్కడో కోసం కంప్యూటర్ కావాల్సివచ్చింది. 1997 జులై 10న అమెరికాలోని నార్త్ డకోటాలో, డికిన్సన్ దగ్గర, ఎదుగుతున్న మబ్బుల పైనుంచి వెళ్తున్న విమానం ఒక్కసారిగా కుదుపుకి లోనై ప్రయాణికులు గాయపడ్డారు. టాడ్ లేన్, రాబర్ట్ షార్మన్ బృందం ఆ మబ్బుని కంప్యూటర్‌లో మళ్ళీ పుట్టించింది. విమానాన్ని కుదిపే సుడులు వందల మీటర్లవి. మామూలు వాతావరణ సూచన గడులు కిలోమీటర్లవి, అంటే పెద్ద కళ్ళ వలలోంచి చిన్న చేపల్లా జారిపోతాయి. గడుల్ని బాగా చిన్నవి చేస్తే అసలు సంగతి బయటపడింది. మబ్బు తల పైనున్న నిలకడైన గాలిని పొడుస్తుంది. ఆ గాలి లేచి, బరువుకి కిందకి జారి, మళ్ళీ లేచి అలలవుతుంది. వీటిని గురుత్వ అలలంటారు, ఐన్‌స్టీన్ తరంగాలతో సంబంధం లేదు. విశాఖ బీచ్‌లో అల నిటారుగా లేచి విరిగినట్టే ఇవీ విరుగుతాయి, మబ్బు లేని చోట. 2003లో ఆ వ్యాసం వచ్చింది. 20 మైళ్ళలాంటి సలహాలు చాలవని తర్వాత వాళ్ళే వాదించారు.

2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న ఎస్‌క్యూ321 మయన్మార్ మీద, 37,000 అడుగుల ఎత్తున ఉంది. అప్పుడే ఎదుగుతున్న మబ్బుల పైనుంచి వెళ్తూ ఉండొచ్చని దర్యాప్తు సంస్థ ప్రాథమికంగా చెప్పింది. 0.6 సెకన్లలో కుదుపు +1.35 జీ నుంచి -1.5 జీకి పడిపోయింది. బెల్టు పెట్టుకోనివాళ్ళు సీట్లలోంచి గాల్లోకి లేచారు. ఒకరు చనిపోయారు. బెల్టుల గుర్తు వేశామని పైలట్ అన్న మాటకీ ఆ కుదుపుకీ మధ్య ఎనిమిది సెకన్లు.