ఏడుబావుల నుంచి ఇంటి ఈతకొలను దాకా



ఈసీఆర్ వైపు ఇళ్ళు కట్టుకున్న మనవాళ్ళు కొందరు పెరట్లో స్విమ్మింగ్ పూల్ కూడా పెట్టించుకున్నారు. నీళ్ళు అద్దంలా కనబడితే చాలనుకుంటున్నాం. కానీ తేటనీరు వేరు, మంచినీరు వేరు. ఈ తేడా పట్టుకోవడానికి మన చెన్నపట్నానికే వందేళ్ళకు పైగా పట్టింది.

నీళ్ళు తేర్చడం మనకు పాత విద్యే. చిల్లగింజను కుండ లోపల అరగదీస్తే మన్ను అడుక్కి దిగుతుంది. సుశ్రుత సంహిత దాన్ని కతకం అంది, తమిళులు తేత్తాంగొట్టై అంటారు. పటిక చేసే పనీ ఇదే. అయితే మన్ను దిగినంత మాత్రాన రోగక్రిములన్నీ పోవు.

1772 నాటి ఏడుబావుల పథకం జార్జిటౌన్ ఉత్తరాన తవ్విన బావుల నుంచి కోటకు నీళ్ళిచ్చింది. 1872లో ఫ్రేజర్ పథకం రెడ్‌హిల్స్ చెరువు నీటిని కాలువ ద్వారా కీల్పాక్‌కు తెచ్చింది. ఆ నీళ్ళు వడపోత లేకుండానే ఊళ్ళోకి వెళ్ళేవి. ఇసుక వడపోత 1914లో గానీ రాలేదు. ఈలోగా 1890లలో హాన్‌కిన్ అనే శాస్త్రజ్ఞుడు ఉత్తరాదిన కలరా సోకిన ఊళ్ళ బావుల్లో పర్మాంగనేట్ వేయించాడు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ, ఊరి నీటికంతా రోజూ క్లోరిన్ కలపడం మొదలుపెట్టింది. మరి కొన్నేళ్ళకే అక్కడి బ్రౌన్ విశ్వవిద్యాలయపు ఈతకొలనులో బ్లీచింగ్ పౌడరు వాడారు.

క్లోరిన్ వచ్చాక ఇంకో సంగతి తేలింది. క్లోరిన్ ఎంత వేశామన్నదొక్కటే కాదు, నీటి పీహెచ్ ఎంతుందన్నదీ ముఖ్యమే. పీహెచ్ 7.5 దగ్గర, వేసిన క్లోరిన్‌లో సగం క్రిములను గట్టిగా చంపే రూపంలో ఉంటుంది. 8కి చేరితే అది నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే పూల్‌లో పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు ఉంచమంటారు. పటిక పీహెచ్‌ను దించుతుంది, బ్లీచింగ్ పౌడరు పెంచుతుంది. బోరునీళ్ళు ముందే ఉప్పుగా, గట్టిగా ఉన్నచోట ఆ పౌడరులోని సున్నం తోడై టైల్స్‌కు తెల్లటి పెచ్చు కడుతుంది. కళ్ళు మండి ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందనుకుంటాం. చాలాసార్లు అది చెమట, మూత్రాలతో కలిసి పాడైన క్లోరిన్ వాసన. అంటే నీటికి ఇంకా శుద్ధి కావాలన్నమాట.

కాబట్టి పరీక్ష పెట్టె ఒకటి కొనుక్కుందాం. మొదట క్షారత లీటరుకు 80 నుంచి 120 మిల్లీగ్రాముల మధ్యకు తెచ్చి, తరువాత పీహెచ్, ఆపైన క్లోరిన్ చూద్దాం. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడరునూ ఎన్నడూ ఒకచోట కలపకూడదు, విషవాయువు పుడుతుంది. పనివాళ్ళకు ఈ మాట మనమే చెప్పాలి.

చిల్లగింజ అరగదీసిన మన పెద్దలకు నీటిలోని క్రిమి కనబడే వీలు లేదు. మనకు ఆ వీలుంది. పిల్లలు నీళ్ళలో దిగేముందు ఒక్క నిమిషం పరీక్షకు పెడదాం.