చూడనేర్పు మాట



తొలకరి వాన కురిసిన మరునాడు తుగ్గలి, జొన్నగిరి చేలలో ఎందరో తలలు వంచి, నేల చూచుచు నడుచుచుందురు. వారు వెదకునది వజ్రము. వాన దుమ్మును కడిగివేయును గాని, చూడనేర్చిన కన్ను లేనివానికి వజ్రమును గులకరాయివలెనే కనబడును. ఆ చేను దున్నినవారు దానిని ఎన్నిమారులు త్రొక్కి పోయియుందురో! మనుష్యుల విషయమును ఇట్టిదే. ప్రతిదినము ఎదుటపడుచున్నను మనము చూడనివారు కలరు. వారిని మనకు చూపించుటయే మంచి కావ్యమును, మంచి పాటయు, మంచి బొమ్మయు చేయు పని.

ఇందుకు సాక్ష్యము దూరమున వెదకనక్కరలేదు. మన తుగ్గలి మండలములోనే, గుత్తినుండి పత్తికొండకు పోవు దారిలో ఎర్రగుడి యున్నది. అచ్చటి గుట్టమీది బండలపై క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దములో అశోక చక్రవర్తి చెక్కించిన శాసనములున్నవి. పెద్ద శాసనములు 14. వానితోపాటు చిన్న శాసనములును కలవు. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతము. చిన్న శాసనములో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచును. మడక కట్టిన ఎద్దులు చాలు చివర మళ్లివచ్చినట్లే!

ఆ బండలు ఏమి చెప్పుచున్నవి? తల్లిదండ్రుల మాట వినవలెననియు, ప్రాణులయెడల దయ చూపవలెననియు, సత్యము పలుకవలెననియు, శిష్యుడు గురువును గౌరవింపవలెననియు చెప్పుచున్నవి. దాసులను, పనివారిని మర్యాదగా చూడవలెననియు చెప్పుచున్నవి. 13వ శాసనములో రాజు తన కళింగ యుద్ధమును తలంచుకొనుచున్నాడు. లక్షమంది చంపబడిరి, లక్షన్నరమంది చెరపట్టబడిరి, అంతకు ఎన్నోరెట్లు జనులు నశించిరి. రాజులు రాతిమీద తమ జయమును చెక్కించుకొందురు. ఈ రాజు తన దుఃఖమును చెక్కించెను. చచ్చినవారి లెక్క ఆయనకు బిరుదు కాలేదు, మనోవ్యథయాయెను.

అయితే కాలక్రమమున ఆ లిపిని జనులు మరచిరి. కొన్ని వందల ఏండ్లు ఎండయు వానయు ఆ బండలపై పడెను. పసులకాపరులు వాటి నీడను కూర్చుండియుందురు. అక్షరములు ఎదుటనే యున్నను చదువువాడు లేడు. 1837లో జేమ్సు ప్రిన్సెపు అను ఇంగ్లీషు అధికారి బ్రాహ్మి లిపి చదువు మార్గమును కనుగొనెను. 1920ల చివరలో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎర్రగుడి బండలమీది వ్రాతను గుర్తించెను. అప్పుడు ఆ రాళ్లు మరల మాటలాడెను. వ్రాసినవాడొక్కడు చాలడు; చదువువాడును కావలెను.

అశోకుని మాట సింహాసనమునుండి క్రిందికి వచ్చిన మాట. మన తెలుగునాట క్రిందినుండి పైకి లేచిన మాటయు కలదు. గుఱ్ఱం జాషువా 1895లో వినుకొండలో పుట్టెను. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. ఇంట క్రైస్తవ విశ్వాసము. కులము తక్కువవాడని కొందరు ఆయనను సభలలో అవమానించిరి. హిందువుల కథలను కావ్యములుగా వ్రాయుచున్నాడని కొందరు క్రైస్తవులును ఆయనను దూరముగా ఉంచిరి. రెండు వాకిండ్లయొద్దను నిలువబడి, ఏ యింటిలోనికిని పిలుపు లేనివాని బాధ ఆయన యెరుగును.

ఆ బాధనుండి 1941లో గబ్బిలము అను కావ్యము వచ్చెను. పూర్వము కాళిదాసు కావ్యములో యక్షుడు తన ప్రియురాలికి మేఘముచేత వార్త పంపెను. జాషువా కావ్యములో అంటరానివాడని త్రోసివేయబడిన ఒక పేదవాడు కాశీలోని శివునికి గబ్బిలముచేత తన మొర పంపుచున్నాడు. గబ్బిలమే యెందుకు? అతనికి గుడిలో ప్రవేశము లేదు. గబ్బిలము గుడి కప్పుననే వ్రేలాడును, దానిని ఎవరును అడ్డగింపరు. గబ్బిలమునకుగల చోటు మనిషికి లేకపోయెను! ఎన్నో ఉపన్యాసములు చెప్పలేని సంగతిని ఈ చిన్న ప్రాణి చెప్పెను. పండితుడైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జాషువా పాదమునకు తన చేతులతో గండపెండేరము తొడిగెను. అంటరాదన్న దేహమును ఆ చేతులు అంటెను. 1964లో ఆయన క్రీస్తు చరిత్రకు సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. 1971లో ఆయన పరమపదించెను.

1947లో మద్రాసు రాష్ట్రమున ఆలయ ప్రవేశపు చట్టము వచ్చెను. 1950లో అమలైన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసెను. చట్టము తలుపు తీయగలదు. అది గొప్ప మేలే. లోపలికి వచ్చినవానిని తోబుట్టువుగా చూచు కన్నును మాత్రము చట్టము ఇయ్యజాలదు.

నాతాను ప్రవక్త దావీదునకు కథ చెప్పిన సంగతి మీరెరుగుదురు. ఆయన రాజును ముందుగా నిందింపలేదు. పేదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పెను. రాజు కోపముతో తీర్పు చెప్పిన తరువాతనే, ఆ దోషి తానేయని తెలిసికొనెను. మంచి కథ యిట్లే చేయును. మొదట పొరుగువాని తప్పును చూపినట్లుండును. తుదకు మన ముఖమునే చూపును.

గబ్బిలము చదివి, గుడి తలుపు మూసినవారిని నిందించుట మనకు సులభము. ఆ కవిని దూరముంచినవారిలో మనవారును ఉండిరని మరువరాదు. మన గుడిలో చాపమీద చివర కూర్చుండు ముసలమ్మ పేరు మనకు తెలియునా? పెండ్లి మాట వచ్చినప్పుడు మనము మొదట అడుగునది విశ్వాసమునా, కులమునా? ఈ ఆదివారము ఆరాధన ముగియగానే త్వరపడి లేవక, ఒక్కసారి చుట్టు చూడుడి. ఏండ్ల తరబడి చదువబడని అక్షరములవలె ఎవరో మన ఎదుటనే కూర్చుండియుందురు.