డచ్చివాళ్ళ డ్రాప్, మా అమ్మ దగ్గుమందు

మొన్న ఆమ్‌స్టర్‌డాం ఆన్‌సైట్ నుంచి దిగిన కొలీగ్ మల్కాజ్‌గిరిలో మా ఇంటికి చాక్లెట్లూ, 'డ్రాప్' అనే నల్లబిళ్ళలూ తెచ్చాడు. చాక్లెట్ సూపరు. 1828లోనే కోకోలోంచి వెన్న పిండే పద్ధతికి వాన్ హౌటెన్ పేటెంటు తీసుకున్న దేశం కదా మరి! నల్లబిళ్ళ మాత్రం ఒకటే ఉప్పు. ఉమ్మేయబోయాను.

అమ్మ చప్పరించి, "అతిమధురం రా ఇది! చిన్నప్పుడు నీ దగ్గుకి అరగదీసి తేనెలో నాకించేదాన్ని" అంది. వెతికితే నిజమే. లికోరిస్ అంటే అతిమధురం వేరు, ఆ ఉప్పు మన నవసారం. రెండూ దగ్గుమందులే.

1605లో మచిలీపట్నంలో దిగిన డచ్చివాళ్ళు మన అద్దకం బట్టల కోసం వచ్చారు. అతిమధురం వాళ్ళకీ మందే. కాకపోతే వాళ్ళు దాన్ని మిఠాయి చేసుకున్నారు, మనం ఆయుర్వేదం కొట్లో వదిలేశాం. అమ్మ ఇట్టే గుర్తుపట్టిన రుచిని నేను ఫారిన్ వింత అనుకున్నాను! రెండో బిళ్ళ మాత్రం ఉమ్మలేదు లెండి.