కాలువ గట్టున పుస్తకము: కృష్ణా డెల్టా గ్రంథాలయోద్యమము, మన పల్లెలు

శతజయంతి సంచికలో దేవాలయముల చరిత్రలు, పాఠశాలల చరిత్రలు, సేవకుల జీవితములు వ్రాయుట ఆనవాయితీ. అవి వ్రాయవలసినవే. అయితే మన ప్రజలకు చదువు వచ్చిన తరువాత, చదువుకొనుటకు పుస్తకము ఎక్కడ దొరికినది అను ప్రశ్నను మనము అంతగా అడుగలేదు. అక్షరము నేర్పుట ఒక పని. నేర్చిన అక్షరము తుప్పు పట్టకుండ చూచుట మరియొక పని. ఈ రెండవ పని మన కృష్ణా డెల్టాలో ఎట్లు జరిగినదో, అందులో మన పల్లెలకు అందినదెంతో, అందనిదెంతో సంఘ సభ్యుల ముందుంచుట మా ఉద్దేశము.

బెజవాడ వద్ద కృష్ణానదిపై మొదటి ఆనకట్ట 1855లో పూర్తియైనది. కాలువలు పారినవి, వరి పండినది, ఆ కాలువల మీదనే పడవలు నడచినవి. 1893లో నదిపై రైలు వంతెన తెరచుటతో బెజవాడ నాలుగు దిక్కుల వారు కలిసికొను కూడలియైనది. వార్త వినవలెనను ఆసక్తి, చదువవలెనను కోరిక ఇట్టి చోట పుట్టుట సహజము. కాని పత్రిక కొనగలవారు కొందరే. పుస్తకము కొనగలవారు ఇంకను తక్కువ. పదిమంది కొని పదివందల మంది చదువుకొను ఏర్పాటు కావలసి వచ్చినది.

1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము వెలసినది. దాని చుట్టు చేరిన యువకులలో అయ్యంకి వెంకటరమణయ్యగారు ముఖ్యులు. 1914 ఏప్రిల్ 10వ తేదీన ఆంధ్రదేశములోని గ్రంథాలయ నిర్వాహకులందరిని బెజవాడకు పిలిచి మహాసభ జరిపిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షత వహించిరి. ఆ సభలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. తరువాత "గ్రంథాలయ సర్వస్వము" అను పత్రిక వెలువడినది. 1920లో గ్రంథాలయములు నడుపువారికి బెజవాడలోనే శిక్షణ తరగతులు పెట్టిరి. అంతకు ముందే, 1919 నవంబరు 14న, మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరుగుటకు మనవారే పూనుకొనిరి. నేడు దేశమంతట నవంబరు 14 మొదలు జరుపుకొను జాతీయ గ్రంథాలయ వారోత్సవములకు మూలము ఆ సభయే.

ఆ మహాసభకు అధ్యక్షులుగా వచ్చిన కుడాల్కరుగారు బరోడా సంస్థానమున గ్రంథాలయ శాఖ చూచువారు. బరోడాలో మహారాజు శయాజీరావుగారు 1910 నుండి ప్రభుత్వ ధనముతో ఊరూర గ్రంథాలయములు పెట్టించుచుండిరి. మన డెల్టాలో అట్టి రాజు లేడు. ఊరివారే చందాలు వేసికొని, ఎవరి ఇంటి అరుగుమీదనో, సత్రములోనో నాలుగు బీరువాలు పెట్టుకొనిరి. అక్కడ పైనుండి వచ్చినది ఇక్కడ క్రిందినుండి లేచినది. మన ఉద్యమమునకు గల గౌరవము ఇదియే. దాని బలహీనత కూడ ఇందులోనే ఉన్నదని ముందు చూతుము.

ఆ నిర్వాహకులు పుస్తకములు పేర్చి తాళము వేసికొని కూర్చుండలేదు. చదువురానివారికి పత్రిక చదివి వినిపించిరి. రాత్రి బడులు నడిపిరి. పాఠకుడు రానిచో పాఠకుని వద్దకే వెళ్లిరి. ఇందుకు పెదపాలెము వాస్తవ్యులు పాతూరి నాగభూషణంగారు చేసిన పనిని మించిన నిదర్శనము లేదు. 1935లో ఆయన పెదవడ్లపూడి, కొల్లూరు గ్రామముల నడుమ కాలువలో పడవ గ్రంథాలయమును నడిపించిరి. ఆ దినములలో డెల్టా పడవ ప్రయాణము గంటల తరబడి సాగెడిది. ఊరికే పోవు ఆ గంటలను ఆయన చదువు గంటలుగ మార్చిరి. 1931లో తమిళదేశపు మన్నారుగుడి ప్రాంతమున ఎడ్లబండి మీద పుస్తకములు ఊరూర త్రిప్పిరి. ఎడ్లు నడచు చోట బండి, నీరు పారు చోట పడవ. ఉపాయము వేరైనను ఆలోచన ఒక్కటే.

ఇక మన పల్లెల సంగతి. ఊరి అరుగు మీద, సత్రములో, గుడి మండపములో బీరువా ఉన్నప్పుడు, ఆ అరుగెక్కుటకు హక్కు లేనివారికి ఆ పుస్తకము ఉన్నను లేనట్లే. చందాలతో నడచు సంస్థ చందాదారుల ఊరిలోనే ఉండును. చందా వేయలేని కూలివాని గూడెమునకు పోదు. పైన మేము చెప్పిన బలహీనత ఇదియే. తప్పు ఇతరులదే అని చెప్పి మనము తప్పించుకొనుటకు వీలులేదు. 1841లో మచిలీపట్నము వచ్చి, 1843లో అక్కడ ఆంగ్ల పాఠశాల తెరచిన రాబర్టు నోబులుగారు కూడ మొదట అగ్రవర్ణముల బాలురనే ఉద్దేశించి దానిని నడిపిరి. పల్లెలలో చిన్న బడులు తరువాతి మాట.

1914 సభ జరిగిన మూడేండ్లకు, 1917 నవంబరులో, అదే బెజవాడలో మరియొక మహాసభ జరిగినది. హైదరాబాదు నుండి వచ్చిన భాగ్యరెడ్డివర్మగారు అధ్యక్షులు. సభకు వచ్చినవారు తమ్ము పంచములని పిలుచుటను త్రోసిపుచ్చి ఆది ఆంధ్రులమని చెప్పుకొనిరి. తమ పిల్లలకు బడులు, తమ వాడలకు బావులు కావలెనని కోరిరి. ఒకే పట్టణములో మూడేండ్ల తేడాతో జరిగిన ఈ రెండు సభలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, ఒకరు పుస్తకమును గూర్చి, మరియొకరు బడిని, త్రాగునీటిని గూర్చి మాటలాడుచుండిరని తెలియును. ఆ ఎడము పూడ్చుటకు చందాలు చాలవు, చట్టము కావలసినది.

చట్టము వచ్చినది. 1948లో చేసిన మద్రాసు పౌర గ్రంథాలయ చట్టము స్వతంత్ర భారతమున ఇట్టి వాటిలో మొదటిది. 1955లో హైదరాబాదు రాష్ట్రము, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టములు చేసినవి. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడినవి. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. అనగా ఇంటి పన్ను 500 రూపాయలు కట్టువారు మరి 40 రూపాయలు గ్రంథాలయమునకు కట్టుచున్నారు. ఈ 8 పైసలు చిన్నవి కావు. చందా దయతో ఇచ్చునది, పన్ను హక్కునిచ్చునది. ఆ పన్నుతో గ్రంథాలయము ఊరి పెద్దలది కాక ఊరందరిది అయినది. పల్లెలో రెండు గదుల ఇల్లు గలవాడు కూడ అందులో భాగస్వామియే.

మరి నేటి స్థితి? పట్టణములలో పోటీ పరీక్షలకు చదువుకొను యువతీయువకులు ఉదయమే వచ్చి కుర్చీలు పట్టుకొనుట చూచుచున్నాము. వారిలో మన సంఘముల పిల్లలు అనేకులు. ఇంటి వద్ద వారికి నెమ్మదియైన మూల లేదు, మార్గదర్శక పుస్తకములు కొను శక్తి లేదు. గ్రామములలో మాత్రము పలుచోట్ల తలుపులు కొద్ది గంటలే తెరచియుండును. గ్రంథపాలకుల ఉద్యోగములు ఖాళీగ ఉండును. వసూలైన పన్నును స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలమున జమచేయుటలేదను మాట తరచు వినబడును. సెల్‌ఫోను ఉండగ గ్రంథాలయమెందుకని అడుగువారున్నారు. ఫోనులో వచ్చు ప్రతి మాటను నమ్మి మోసపోవుచున్న కుటుంబములను ఎరిగిన మాకు ఆ ప్రశ్న సబబుగ తోచదు. సమాచారము కుప్పలుగ వచ్చి పడుట వేరు. సరియైనది వెదకుకొనుట నేర్పు చోటు ఉండుట వేరు.

నిట్టూర్పు విడుచుటకు మేము ఇది వ్రాయలేదు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము మన చేతిలో ఉన్నది. మా పంచాయతీలో గ్రంథాలయ పన్ను ఎంత వసూలైనది, ఎంత జమచేసినారు అని తెల్లకాగితము మీద వ్రాసి ఎవరైనను అడుగవచ్చును. మన రాష్ట్రమున గ్రామస్థాయి కార్యాలయములో ఆ దరఖాస్తుకు రుసుము లేదు. సాధారణముగ 30 దినములలో జవాబు ఇయ్యవలెను. ప్రతి సంఘములోని యువజనులు ఈ ఒక్క కాగితము వ్రాసిన, అధికారులకు మన శ్రద్ధ తెలియును. మన పిల్లలకు అడుగుట అలవాటగును.

ఇంకొక పని మన ఇంటిలోనిదే. మన దేవాలయముల ప్రక్కనున్న గదులు ఆదివారము తప్ప తక్కిన దినములు తాళములతో ఉన్నవి. అందులో ఒక బల్ల, ఒక దీపము, దినపత్రిక, నాలుగు పాఠ్యపుస్తకములు ఉంచి, సాయంకాలము రెండు గంటలు ఏ మతము వారికైనను, ఏ వాడ వారికైనను తెరచి ఉంచుట ఏ సంఘమునకు భారము? నాగభూషణంగారు భవనము కట్టువరకు ఆగలేదు. ఎట్లును పోవుచున్న పడవలో పుస్తకము పెట్టిరి. మన వద్ద ఎట్లును ఉన్న గది తాళము తీయుట అంతకంటె కష్టము కాదు.