ఇరుసు ఒకటా, రెండు ముక్కలా?

పోయిన ఆదివారం సమావేశం ముగిశాక, కాఫీల దగ్గర మన సభ్యులొకరి అబ్బాయి మమ్మల్ని పట్టుకున్నాడు. "అంకుల్, మీరు రైల్వేలో చేశారు కదా, ఇరుసుల సంగతి మీకు తెలుస్తుంది. నా వి-క్రాస్ పికప్‌కి ముందు సస్పెన్షన్ కోయించేసి సాలిడ్ యాక్సిల్ వేయిద్దామనుకుంటున్నా" అన్నాడు. రైల్వేలో మేము చూసింది ఇరుసులను కాదు, వాటి కాగితాలను. అయినా అడిగాడు కాబట్టి చదివాం, తెలిసిన మెకానిక్కుల దగ్గర కూర్చున్నాం. అబ్బాయి ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాం.

ముందు మన ఊరి సంగతి. మేము చదివింది తమిళ బడిలో. అక్కడ ఇరుసును అచ్చు అనేవారు. ఇంట్లో అచ్చు అంటే మూస. మన యలహంక రైల్ వీల్ ఫ్యాక్టరీలో రెండూ ఉన్నాయి. కరిగిన ఉక్కును గ్రాఫైటు మూసల్లో పోసి చక్రాలు చేస్తారు, ఇరుసులను కాల్చి సాగగొడతారు. 1984లో ఇందిరా గాంధీ ప్రారంభించారు. అప్పట్లో పేరు వీల్ అండ్ యాక్సిల్ ప్లాంట్. రైలు ఇరుసుకు రెండు చక్రాలనూ ప్రెస్సుతో బిగించేస్తారు, రెండూ కలిసే తిరగాలి. వంపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కదా అంటే, దానికోసమే చక్రం అంచును కొంచెం ఏటవాలుగా చేస్తారు.

జీపు ఇరుసు అలాంటిది కాదు. బయటికి ఒకటే గొట్టం, లోపల రెండు షాఫ్టులు, మధ్యలో డిఫరెన్షియల్ గుండు. చక్రాలు వేరువేరు వేగాలతో తిరుగుతాయి, కానీ పైకీ కిందికీ కలిసే ఊగుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు చేసిన జీపులకు ముందూ వెనకా ఇదే ఇరుసు, లారీవాళ్లు కమాన్ పట్టీలంటారే, ఆ లీఫ్ స్ప్రింగులు. మహీంద్రావారు మన దేశంలో జీపులు బిగించడం మొదలుపెట్టింది కూడా ఆ విల్లీస్‌తోనే. అనంతపురం, మదనపల్లె వైపు ఊళ్లలో డ్రైవరు పక్కన ముగ్గురు, వెనక పదిమంది ఎక్కి తిరిగిన జీపులు అవే. ఆ కుదుపులు ఎరిగిన నడుములు మన సంఘంలో ఇంకా చాలానే ఉన్నాయి.

కుదుపే అసలు కారణం. ఒక చక్రం గుంటలో పడితే ఇరుసు మొత్తం వాలుతుంది, స్టీరింగు చేతిలో తన్నుతుంది. రోడ్లు బాగుపడి వేగం పెరిగేకొద్దీ కంపెనీలు ముందు చక్రాలను విడగొట్టాయి. అమెరికాలో టయోటా తన ఫోర్ బై ఫోర్ పికప్‌కు 1986 మోడల్ నుంచి ముందు ఒంటి ఇరుసు తీసేసింది. తీసేయగానే అక్కడి కొండరాళ్ల పిచ్చివాళ్లు పాత ఇరుసు తెచ్చి కొత్త బండికి వేయడం మొదలుపెట్టారు. మన దగ్గర 2010లో వచ్చిన థార్‌లో ఇంకా విచిత్రం: డీఐ రకానికి పాత ఒంటి ఇరుసు, సీఆర్‌డీఈ రకానికి విడి సస్పెన్షన్. అబ్బాయి వి-క్రాస్ మన శ్రీసిటీలో తయారైంది. ఇసుజు ఫ్యాక్టరీ అక్కడ 2016లో మొదలైంది. దానికి వెనక ఒంటి ఇరుసు, ముందు విడి చక్రాలు.

అబ్బాయి వాదన తప్పు కాదు. ఒక చక్రం బండరాయి ఎక్కితే ఒంటి ఇరుసు వాలి రెండో చక్రాన్ని నేలకేసి నొక్కుతుంది, పట్టు తప్పదు. విడి చక్రాలకు అంత కదలిక ఉండదు. బండి ఎత్తు పెంచితే షాఫ్టుల కీళ్లు మరీ వంగి విరుగుతాయి.

కానీ పని ఎంతో చూడండి. ఛాసిస్‌కు ఉన్న ఆర్ముల పట్టులన్నీ కోసి, కొత్త హ్యాంగర్లు వెల్డింగ్ చేయాలి. డిఫరెన్షియల్ గుండు ఏ వైపుంటే ట్రాన్స్‌ఫర్ కేసు షాఫ్టు ఆ వైపే రావాలి. ముందు వెనక గేరు నిష్పత్తి ఒకటే కావాలి, లేకపోతే ఫోర్ వీల్ వేసిన రోజే పళ్లు రాలతాయి. ర్యాక్ స్టీరింగు తీసి బాక్సు పెట్టాలి. బ్రేకు గొట్టాలు పొడవు చేయాలి, ఏబీఎస్ సెన్సర్లు అమర్చాలి. ఇరుసు వాలు కొంచెం తేడా వచ్చినా బళ్లారి రోడ్డు మీద ఎనభై వేగంలో ముందు చక్రాలు వణకడం మొదలవుతుంది. ఆ బండిలో అతని భార్య, చంటిబిడ్డ తిరుగుతారు.

ఇక మాకు తెలిసిన కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. రేపు ప్రమాదం జరిగితే బీమావాళ్లు ముందు చూసేది ఛాసిస్ మీది వెల్డింగులనే. ముప్పై ఏళ్లు ఫైళ్లు మోసిన మాకు ఆ ఒక్క ప్రశ్న చాలు, నిద్ర పట్టదు.

"మరి రాళ్లు ఎక్కడం మానేయాలా?" అన్నాడు. ఎందుకు మానాలి? కంపెనీయే ఒంటి ఇరుసుతో పంపిన బళ్లున్నాయి: పాత జిప్సీ, 2023లో వచ్చిన జిమ్నీ. పికప్ ఇంటికి, జిప్సీ కొండకి. ఖర్చు లెక్క వేసి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. వచ్చే ఆదివారం దొడ్డబళ్లాపుర వైపు ఒక పాత జిప్సీ అమ్మకానికుందట, చూడడానికి మమ్మల్నీ రమ్మన్నాడు. వాళ్ల నాన్నగారూ వస్తారట. వెనక సీటు మాత్రం మాకు వద్దని ముందే చెప్పాం.